పెట్టె గట్టిదే, లెక్క మాటేమిటి?

బుచ్చయ్యపేట మండలంలో, వడ్డాది దగ్గర బీఎన్ రోడ్డు పక్కన ఒక పాత ఇనుము కొట్టు. దాన్ని నడిపేది మావయ్య. ఆయన మేనల్లుడు గాజువాకలో వెల్డింగులకు రేడియోగ్రఫీ తీసే కంపెనీలో ఆర్ఎస్‌ఓ, అంటే రేడియేషన్ భద్రతకు పూచీపడే ఉద్యోగి. సోర్స్, అంటే రేడియోధార్మిక ముక్క, ఉన్న కెమెరాలను ఒక సైటు నుంచి ఇంకో సైటుకు పంపించడమూ, తిరిగొచ్చాక లెక్క చూసుకోవడమూ అతని పని. నర్సీపట్నం మీదుగా సీలేరు వైపు వెళ్ళే కంపెనీ బళ్ళు మావయ్య కొట్టు ముందు నుంచే పోతాయి. ఊరికి చెప్పకుండా అలాంటి సరుకు ఈ దారిన ఎలా పోతుందని మావయ్య వాదన. ఊరంతా చెబితేనే ప్రమాదమని అల్లుడి వాదన.

మావయ్య: ఏరా అల్లుడూ, మూడు రెక్కల రేడియేషన్ గుర్తేసుకుని మీ బండి మొన్న మళ్ళీ ఇటే పోయింది. ఈ రోడ్డు సంగతి నీకు తెల్దేటి? చెరకు ట్రాక్టరే పక్కకి ఒరిగిపోతాది. నీ పెట్టె కింద పడితే మా గతేటి?

అల్లుడు: పడితే ముందు రేడియేషన్ మీటరుతో కొలుస్తాం మావయ్యా. తర్వాత పైకెత్తి బండిలో పెట్టుకుంటాం. అంతకు మించి ఏమీ జరగకూడదనే ఆ పెట్టెను అలా చేశారు. లోపల ఉండేది ఇరిడియం-192, కొన్ని మిల్లీమీటర్ల ముక్క. చుట్టూ డిప్లీటెడ్ యురేనియం కవచం, అది సీసం కన్నా బరువు. చూడ్డానికి బెల్లం దిమ్మంతే ఉంటుంది గానీ ఎత్తినవాడికి నడుం తెలుస్తుంది. దీన్ని టైప్-బి పెట్టె అంటారు. ఆ పేరు రావాలంటే 9 మీటర్ల ఎత్తు నుంచి కదలని గట్టి నేల మీద పడెయ్యాలి. మీటరు ఎత్తు నుంచి నిలబెట్టిన ఉక్కు కడ్డీ మీద పడెయ్యాలి. 800 డిగ్రీల మంటలో అరగంట ఉంచాలి. నీళ్ళలో ముంచాలి. ఇన్నీ అయ్యాక కూడా కవచం నిలబడితేనే రోడ్డెక్కే అర్హత. మన రోడ్డు గుంటలు దానికి ఒక లెక్కా?

మావయ్య: పరీక్ష పెట్టినవాడు బోల్టు బిగించి పెట్టుంటాడు. రోజూ బిగించేది వాడు కాదు కదా. ఆస్ట్రేలియాలో బోల్టు ఊడిపోయి లోపలి మందు రోడ్డు మీద జారిపోలేదేటి? పేపర్లో నేనూ చదివాను.

అల్లుడు: నిజమే. 2023 జనవరిలో జరిగింది. రియో టింటో కంపెనీ ఇనుప ఖనిజం గనిలో వాడే గేజి అది. మా కెమెరా లాంటిది కాదు. లోపల సీసియం-137 బిళ్ళ, 8 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల వెడల్పు. గని నుంచి పెర్త్ నగరానికి మరమ్మతుకు పంపారు. దారి 1,400 కిలోమీటర్లు. కుదుపులకు గేజి విడిపోయి, బోల్టు ఊడిన కంతలోంచి బిళ్ళ బయట పడింది. ఫిబ్రవరి 1న న్యూమన్ అనే ఊరి దగ్గర రోడ్డుకు రెండు మీటర్ల దూరంలో దొరికింది. రేడియేషన్ మీటర్లు కట్టిన వాహనం గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతూ దాన్ని పసిగట్టింది. అంత ఎడారిలో అంత చిన్న ముక్క దొరికిందంటే, వెతికే విద్య మన దగ్గర ఉన్నట్టే కదా!

మావయ్య: దొరికిన రోజు చెప్పావు. పోయిందని తెలిసిన రోజు చెప్పు.

అల్లుడు: బండి గని నుంచి జనవరి 12న బయల్దేరింది. పెర్త్‌లో పెట్టె విప్పి చూసింది 25న.

మావయ్య: అంటే ఇంచుమించు రెండు వారాలు అది లేదన్న సంగతే ఎవడికీ తెల్దు. పెట్టె చేరింది, సంతకం పెట్టుకున్నారు, సరుకు మాత్రం దారిలో ఉండిపోయింది. నా కొట్టులో వంద కిలోల రాగి బస్తా వస్తే మూతి విప్పకుండా కాటా చీటీ రాస్తానేటి?

అల్లుడు: అందుకే మాకు సర్వే మీటరు తప్పనిసరి. బండెక్కించే ముందు ఒకసారి, దించాక ఒకసారి పెట్టెకు ఆనించి కొలుస్తాం. కొన్ని అంకెలు చెబుతాను, వినండి. పెట్టె మీద లేబుల్లో ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది. అది 1 అయితే, పెట్టెకు మీటరు దూరంలో గంటకు 0.01 మిల్లీసీవర్ట్ రేడియేషన్ తగులుతుందన్నమాట. మామూలు జనానికి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదని నియమం. ఆ దూరంలో వంద గంటలు నిలబడితే గానీ ఆ కోటా నిండదు. మా బండి మీ కొట్టు ముందు నుంచి పోయేది క్షణం సేపు.

మావయ్య: ముక్క బయటికొస్తే?

అల్లుడు: 40 క్యూరీల బలమున్న ఇరిడియం ముక్క కవచం లేకుండా బయట ఉంటే, మీటరు దూరంలో ఆ ఏడాది కోటా 20 సెకన్లలో నిండిపోతుంది. చేత్తో పట్టుకుంటే కోటాల మాటే ఉండదు, చెయ్యి కాలిపోతుంది. అప్పటికప్పుడు నొప్పి తెలీదు. కొన్ని రోజులకు ఎర్రబడి, బొబ్బలెక్కి, కుళ్ళుతుంది. అందుకనే అంటున్నాను, మీటరు చూసే మనిషి పెట్టెతో ఉన్నంత కాలం భయం లేదు. ముక్క లోపలుంటే ముల్లు ఎంత చూపించాలో మాకు తెలుసు. తక్కువ చూపిస్తే అనుమానం, ఎక్కువ చూపిస్తే అనుమానం.

మావయ్య: ఆ మనిషి ఉన్నంత కాలం. నువ్వే అన్నావు.

అల్లుడు: మనిషొక్కడి మీదే వదిలెయ్యలేదు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, మేం ఏఈఆర్‌బీ అంటాం, దానికి ఈ-లోరా అని ఆన్‌లైన్ వ్యవస్థ ఉంది. సోర్స్ కొనాలన్నా, సైటు మార్చాలన్నా, వాడకం అయ్యాక తిరిగి పంపాలన్నా అందులో అర్జీ పెట్టి అనుమతి తీసుకోవాలి. కొరియా వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి రేడియోగ్రఫీ కెమెరాకే జాడ చెప్పే పరికరం తగిలించారు. 2014లో హో చి మిన్ నగరంలో ఒక ఇరిడియం కెమెరా పోయి దొరికాక వియత్నాం కూడా ఆ పద్ధతి మీద దృష్టి పెట్టింది. రేపు మన దగ్గరా అన్నింటికీ వస్తుంది.

మావయ్య: రానీ. బండికి తగిలించు, పెట్టెకి తగిలించు. అయినా నా భయం రోడ్డు మీద పోయే పెట్టె గురించి కాదని ఇప్పుడిప్పుడే నాకూ తెలుస్తోంది. దానికి డ్రైవరున్నాడు, నువ్వున్నావు, మీటరుంది. పని అయిపోయి మూల పడేసినదాని సంగతేటి? దానికెవడు కాపలా?

అల్లుడు: నియమం ప్రకారం సరఫరా చేసినవాళ్ళకే తిరిగి పంపాలి. విదేశీ సోర్స్ కొనేటప్పుడే వాడకం అయ్యాక వెనక్కి తీసుకుంటామని తయారీదారు హామీ ఇవ్వాలి.

మావయ్య: నియమం నువ్వు చెప్పావు, జరిగింది నేను చెప్తాను. 2010, ఢిల్లీ మాయాపురి. మా తుక్కు యాపారంలో ఆ పేరు వినని పెద్ద కొట్టు లేదు. యూనివర్సిటీ వాళ్ళు వేలంలో యంత్రం అమ్మారు. కొన్నవాడు కోసుకున్నాడు. అందులో ఏటుందో వాడికి తెల్దు. ఒకాయన మెరుస్తోందని చిన్న ముక్క పర్సులో పెట్టుకు తిరిగాడు. ఒకడు చచ్చిపోయాడు. అదేం లైసెన్సు లేని దొంగ కొట్టు సరుకు కాదు. దేశ రాజధానిలో, పెద్ద చదువులు చెప్పే చోటు నుంచి వచ్చింది.

అల్లుడు: ఒప్పుకుంటాను. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగానిది. గామాసెల్ అనే యంత్రం, కెనడా నుంచి తెప్పించారు. 1985 తర్వాత వాడలేదు. కోబాల్ట్-60 ఐదేళ్ళ పైచిలుకుకోసారి సగమవుతుంది. ఆ పాతికేళ్ళలో అప్పటి బలంలో 27వ వంతుకు పడిపోయింది. ఆ 27వ వంతే మనిషిని చంపింది. మా ఇరిడియం అయితే 74 రోజులకోసారి సగమవుతుంది. రెండేళ్ళు మూలన పడుంటే వెయ్యో వంతు మిగులుతుంది. సీసియం అలా కాదు, సగమవడానికే 30 ఏళ్ళు. దాన్ని మరిచిపోయిన మనిషి రిటైరై వెళ్ళిపోతాడు, అది మాత్రం అలాగే ఉంటుంది.

మావయ్య: ఢిల్లీ దాకా ఎందుకు? మన రాజమండ్రి సంగతి చెప్పు.

అల్లుడు: 2019 జనవరి. రాజమహేంద్రవరంలో ఓఎన్‌జీసీకి చెందిన సీసియం-137 పెట్టె కనిపించకుండా పోయింది. చమురు బావుల్లోకి దింపి రాతి పొరల సాంద్రత కొలవడానికి వాడతారు దాన్ని. పోలీసులు గాలిస్తే అప్పటి కృష్ణా జిల్లా కలిదిండిలో దొరికింది.

మావయ్య: కలిదిండిలో ఎక్కడ?

అల్లుడు: పాత ఇనుము కొట్టులో.

మావయ్య: చూశావా! మాయాపురిలోనూ పాత ఇనుము కొట్టే, కలిదిండిలోనూ పాత ఇనుము కొట్టే. మీ లెక్క తప్పిన ప్రతిసారీ ఆ సరుకు వచ్చి పడేది మా కాటా మీదే. ఎందుకంటావు? బరువుంటాది. సీసం ఇనుము కన్నా రేటెక్కువ. కుర్రాడు చూస్తాడు, గట్టిగా ఉందని గ్యాస్ కట్టర్ పెడతాడు. తొమ్మిది మీటర్ల నుంచి పడేసినా పగలని నీ పెట్టె అక్కడ పగులుతుంది. మీ పరీక్షల్లో గ్యాస్ కట్టర్ పరీక్ష ఉందేటి?

అల్లుడు: లేదు. అది ప్రమాదానికి తట్టుకునే పెట్టె. కావాలని కోసేవాడికి కాదు.

మావయ్య: కావాలని కోసేవాడు కాదురా, తెలీక కోసేవాడు. అక్కడే నీకూ నాకూ తేడా.

అల్లుడు: సరే, తెలీకే అనుకుందాం. అందుకని ఏ బండి ఏ రోజు ఏ దారిన పోతోందో పంచాయతీ బోర్డు మీద రాయమంటారా? రాసిన పది నిమిషాల్లో అది వాట్సాప్‌లో ఊళ్ళన్నీ తిరుగుతుంది. సోర్స్ కావాలనుకునే దుర్మార్గుడికి మనమే టైము చెప్పినట్టు. 2004 రేడియేషన్ రక్షణ నిబంధనలు ఒక్క భద్రత గురించే కాదు, దొంగల చేతిలో పడకుండా చూడమని కూడా చెబుతాయి.

మావయ్య: దాచి ఉంచితే దొంగకి దొరకదేటి? మెక్సికో దొంగలకి ఎవరు చెప్పారు?

అల్లుడు: 2013 డిసెంబరు సంగతి. టిహువానా ఆస్పత్రి నుంచి పాత కోబాల్ట్ యంత్రాన్ని భద్రపరిచే చోటికి లారీలో తీసుకెళ్తున్నారు. పెట్రోలు బంకు దగ్గర డ్రైవరు పడుకుని ఉండగా తుపాకీ చూపించి లారీ ఎత్తుకుపోయారు. వాళ్ళకు కావాల్సింది లారీ. పెట్టెలో ఏముందో తెలీదు. రెండు రోజులకు వెయ్‌పోస్త్లా ఊరి పొలాల్లో కవచం విప్పేసిన సోర్స్ దొరికింది. అది నా వాదనకే బలం. బండి ఒంటరిగా ఆగకూడదు, డ్రైవరు ఒక్కడే ఉండకూడదు, పోలీసులకు తెలిసి ఉండాలి.

మావయ్య: నా వాదనకీ బలమే. పెట్టెలో ఏటుందో తెలిసుంటే ఆ దొంగలు కూడా విప్పి ఉండరు.

అల్లుడు: తెలియడం వేరు, ఫలానా రోజు ఫలానా టైముకు వస్తోందని తెలియడం వేరు. నేను వద్దనేది రెండోదాన్ని.

మావయ్య: ఇక్కడి మనుషుల గుండెల్లో ఏటుందో నీకు తెలుసు కదా. 2020 మే 7న వెంకటాపురంలో జనం నిద్రలో ఉండగా ఎల్జీ పాలిమర్స్ నుంచి గ్యాసొచ్చింది. పన్నెండు మంది పోయారు. పక్కింట్లో ఏటుందో వాళ్ళకి ముందుగా ఎవడైనా చెప్పాడేటి? 2024లో అచ్యుతాపురం ఫార్మా ప్రమాదం. ఈ జిల్లాలో ఫ్యాక్టరీ వాడు, ఆఫీసరు 'ఏం భయం లేదు' అంటే జనానికి ముందు భయమే వేస్తాది. మీరు చెప్పరు, మేం నమ్మం.

అల్లుడు: ఆ కోపం న్యాయమే. కానీ గ్యాసుకూ దీనికీ పోలిక లేదు మావయ్యా. సీల్ వేసిన సోర్స్ గాలిలో కలిసి ఊరి మీద పడదు. దూరం జరిగితే దాని బలం తగ్గిపోతుంది. రెండింతల దూరం జరిగితే నాలుగో వంతు, పదింతలు జరిగితే వందో వంతు. పారిపోవడానికి సమయం ఉంటుంది. సీల్ తెగి పొడి బయటికొస్తేనే పెద్ద కష్టం.

మావయ్య: సీల్ తెగిన కష్టం కూడా నేను విన్నాను. బ్రెజిల్‌లో...

అల్లుడు: గోయానియా. 1987 సెప్టెంబరు. మూతపడిన క్యాన్సర్ క్లినిక్కులో వదిలేసిన యంత్రం. ఇద్దరు కుర్రాళ్ళు పీకి తుక్కు కొట్టుకు అమ్మారు. లోపలి సీసియం పొడి చీకట్లో నీలంగా మెరిసింది. చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ పంచారు, ఒంటికి పూసుకున్నారు. నలుగురు చనిపోయారు, అందులో ఆరేళ్ళ పాప ఒకతె. 249 మందికి పొడి అంటింది. లక్షా 12 వేల మందిని పరీక్ష చేయాల్సొచ్చింది.

మావయ్య: దాన్ని పట్టించిందెవరు?

అల్లుడు: ఆ తుక్కు కొట్టు యజమాని భార్య. ఇంట్లోవాళ్ళందరూ వాంతులతో పడిపోతుంటే, ఈ మెరిసే సరుకు వల్లేనని ఆవిడకే అనుమానమొచ్చింది. సంచిలో వేయించుకుని బస్సెక్కి ఆరోగ్య శాఖ ఆఫీసుకు తీసుకెళ్ళింది. తర్వాత ఆవిడా చనిపోయింది.

మావయ్య: డాక్టరు కనిపెట్టలేదు, ఆఫీసరు కనిపెట్టలేదు, క్లినిక్కు వాడు రిజిస్టరు చూసుకోలేదు. పాత ఇనుము కొట్టు ఇల్లాలు కనిపెట్టింది. ఆవిడకి ఆ మూడు రెక్కల గుర్తేటో ముందే ఎవడైనా చెప్పుంటే, పెట్టె వచ్చిన రోజే బతికిపోదురు. నేనడిగేది అదేరా. నీ రూటు నాకొద్దు. నీ గుర్తు నాకు చూపించు. ఈ మండలంలో ఉన్న ప్రతి తుక్కు కొట్టుకీ, సైకిలు మీద తిరిగి ఇనుము కొనే ప్రతివాడికీ చూపించు. అచ్యుతాపురంలో బార్క్ క్యాంపస్ పెట్టుకున్నారు కదా, అక్కడి నుంచి ఇక్కడికి ఓ పూట ప్రయాణం లేదు. ఏడాదికోసారి ఒక ఆఫీసరు వచ్చి ఖాళీ పెట్టె చూపించి, ఇలా ఉంటాది, దీన్ని కొయ్యకండి అని చెప్తే ఏటి నష్టం?

అల్లుడు: ఏ నష్టమూ లేదు. పైగా ఫర్నేసులకూ మేలే. 2008లో ఫ్రాన్సులో లిఫ్టు మీటల్లో కోబాల్ట్ బయటపడింది. ఆ ఉక్కు మన దేశం నుంచి పోయింది. తుక్కులో కలిసిన సోర్స్ కొలిమిలో కరిగితే, అది ఏ ఇంటి తలుపు గొళ్ళెమై తేలుతుందో తెలీదు. పెద్ద రేవుల్లో గేటు దగ్గర రేడియేషన్ పసిగట్టే స్తంభాలు పెడుతున్నారు. తుక్కు కొనే ప్రతి ఫర్నేసు కాటా దగ్గరా అలాంటిదొకటి ఉండాలి.

మావయ్య: ఫర్నేసు దాకా పోనిస్తే అప్పటికే నా కుర్రాడి చేతులు పోతాయి. మొదట నా దగ్గర ఆపాలి. ఇంకోటి. పట్టిచ్చినవాడికి ఏటిస్తారు? నేను పోలీసు స్టేషనుకి ఫోన్ చేస్తే, ముందు నన్నే దొంగసొత్తు కొన్నావని కూర్చోబెడతారు. కొట్టు సీల్ చేస్తారు. ఆ భయంతోనే ఎవడైనా పెట్టెను రాత్రికి రాత్రి పెద్దేరు గట్టున పడేసి వస్తాడు. అప్పుడు నీ ఈ-లోరా దాన్ని ఎక్కడ వెతుకుతుంది?

అల్లుడు: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. పట్టిచ్చినవాడికి రక్షణ, కొన్న ఖరీదుకు పరిహారం ఉండాలి. ఆ డబ్బు సోర్స్ యజమాని ఇవ్వాలి. యూరప్‌లో 2003 నుంచే ఒక పద్ధతి ఉంది. బలమైన సోర్స్ కొనేవాడు దాని చివరి ఖర్చుకు ముందే ఆర్థిక హామీ చూపించాలి. రేపు కంపెనీ దివాలా తీసినా ఆ డబ్బుతో సోర్స్‌ను సురక్షితంగా వెనక్కి పంపొచ్చు. మన దగ్గరా కొన్నరోజే డిపాజిట్ కట్టించుకుంటే, దాన్ని మూలన పడేసి మరిచిపోయేవాళ్ళు తగ్గుతారు. మరిచిపోతే తన డబ్బే పోతుంది.

మావయ్య: ఇప్పుడు దారికొచ్చావు. రూటు బోర్డు మాట నేనూ వదిలేస్తాను. మీ ఎస్పీకి తెలిస్తే చాలు, నాకొద్దు. కానీ బండి ఎక్కడైనా ఒరిగితే అక్కడి జనానికి ఏం చెప్పాలో ఆ డ్రైవరుకి తెలుగులో రాసిచ్చి ఉండాలి. ఇంగ్లీషు కాగితం సీటు కింద పడేసి పోతే సరిపోదు.

అల్లుడు: రవాణా అత్యవసర కార్డు ప్రతి బండిలో ఉంటుంది. అది తెలుగులో ఉండాలన్న మాట నేను కంపెనీలో పెడతాను.

వాదం ఇక్కడికి వచ్చింది. రవాణా విషయంలో అల్లుడిదే న్యాయం. సరైన పెట్టె, మీటరు పట్టిన మనిషి, ముందస్తు అనుమతి ఉన్న ప్రయాణానికి ఊరు భయపడనక్కర్లేదు, ఆ దారి ఊరందరికీ చాటనూ అక్కర్లేదు. కానీ మాయాపురి, కలిదిండి, గోయానియా మూడూ మావయ్య పక్షాన సాక్ష్యం చెబుతున్నాయి. ఆ మూడు చోట్లా సోర్స్ తేలింది పాత ఇనుము కొట్టులోనే. పని ముగిసిన సోర్స్ లెక్కలోంచి జారితే చేరే చోటు అదే. అక్కడ తూకం వేసే మనిషికి గుర్తు తెలియనంత కాలం ఎంత గట్టి చట్టమైనా సగం పనే చేస్తుంది.

కనుక పాత సామాను వేలం వేసే ఆస్పత్రులకూ, కాలేజీలకూ, ఫ్యాక్టరీలకూ ఒక మాట: లాటు కట్టే ముందు సోర్స్ రిజిస్టరు తీసి చూడండి. తుక్కు కొనేవారికి ఇంకో మాట: పసుపు మీద నల్లగా మూడు రెక్కలు, లేదా ఎర్ర ముక్కోణంలో పుర్రె, పరుగెత్తే మనిషి కనిపిస్తే ఆగండి. గుర్తు చెరిగిపోయినా, పరిమాణానికి మించిన బరువున్న మూసిన పెట్టె వస్తే అనుమానించండి. కట్టర్ పెట్టకండి, విప్పకండి, ముట్టుకోకండి. అందరినీ దూరంగా పంపి, ఎవరూ దగ్గరికి రాకుండా చూసి, 112కు ఫోన్ చెయ్యండి.